బాలల ముఖ శస్త్రచికిత్సలు: అవసరం, వయసు, వాడుక మాట

వ్యాససంగ్రహం

శిశువులకు, బాలలకు, కౌమారంలో ఉన్నవారికి ముఖంపై జరిగే ప్లాస్టిక్ సర్జరీలను స్థూలంగా రెండు తరగతులుగా చూడవచ్చు. తినడం, వినడం, చూడడం, మాట్లాడడం వంటి పనులను కాపాడేవి పునర్నిర్మాణ శస్త్రచికిత్సలు. రూపాన్ని మార్చడమే ప్రధానోద్దేశంగా గలవి సౌందర్య శస్త్రచికిత్సలు. మొదటి తరగతిలో ఆలస్యం హాని చేస్తుంది, రెండవ తరగతిలో తొందరపాటు హాని చేస్తుంది. ఏ అవయవానికి ఏ వయసులో ఏ చికిత్స తగినదో వివరించడం, ఆ నిర్ణయాలను తెలుగువారి వాడుక మాటలూ నమ్మకాలూ ఎలా ప్రభావితం చేస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గ్రహణం మొర్రి, అంగిలి చీలిక, అనునాసికత, కౌమారం, పునర్నిర్మాణ శస్త్రచికిత్స, సౌందర్య శస్త్రచికిత్స, సమ్మతి.

1. ఉపోద్ఘాతం

తెలుగు నుడికారంలో ముఖం కేవలం శరీరభాగం కాదు, వ్యక్తి గౌరవానికి గుర్తు. తప్పు చేసినవాడికి నలుగురిలోకి రావడానికి 'మొహం చెల్లదు'. బాకీ పడ్డవాడు 'ముఖం చాటేస్తాడు'. అపరిచితుణ్ణి 'ముక్కూ మొహం తెలియనివాడు' అంటారు. ప్రబంధకవులు నాసికావర్ణనను ప్రత్యేకంగా పోషించారు. ముక్కును వర్ణించిన పద్యం కారణంగానే నంది తిమ్మనకు 'ముక్కు తిమ్మన' అనే పేరు వచ్చిందని సాహిత్యలోకంలో ప్రసిద్ధి. జనవ్యవహారంలో 'కోటేరు ముక్కు' అందానికి కొలమానమైంది.

ఈ కొలమానానికి మరో వైపు కూడా ఉంది. 'చప్పిడి ముక్కు', 'దొప్ప చెవులు', 'మొర్రి' వంటి మాటలు బడిలో పిల్లలకు మారుపేర్లుగా స్థిరపడతాయి. అసలు పేరు హాజరుపట్టీలో మిగిలిపోతుంది. ఇటువంటి బిడ్డకు శస్త్రచికిత్స అవసరమా, అవసరమైతే ఎప్పుడు అన్న ప్రశ్న కుటుంబం ముందుకు వచ్చినప్పుడు వైద్యశాస్త్రంతోపాటు ఈ మాటలు కూడా నిర్ణయంలో పాలుపంచుకుంటాయి. అందువల్ల ఇది వైద్యులకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. భాషను, సమాజాన్ని అధ్యయనం చేసేవారికీ, కౌమారంలో ఉన్న విద్యార్థులతో నిత్యం మెలిగే అధ్యాపకులకూ సంబంధించిన విషయం.

'ప్లాస్టిక్ సర్జరీ' అనే పేరు వల్ల ముఖంలో ప్లాస్టిక్ పదార్థాన్ని అమరుస్తారన్న అపోహ కొందరిలో ఉంది. మలచడం అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుంచి ఈ పేరు వచ్చింది. ఈ చికిత్సలలో ఎక్కువగా ఉపయోగించేది రోగి సొంత చర్మం, మృదులాస్థి, ఎముకలే.

2. చారిత్రక నేపథ్యం

ముఖ పునర్నిర్మాణ చరిత్రలో సుశ్రుతసంహితకు విశిష్టస్థానం ఉంది. అందులోని సూత్రస్థానం 16వ అధ్యాయం శిశువుకు చెవులు కుట్టే విధానంతో మొదలవుతుంది. ఆరవ లేదా ఏడవ నెలలో ఈ కర్మ చేయాలని అక్కడ నిర్దేశం. రక్షణ, అలంకారం అనే రెండు ప్రయోజనాలను సంహిత పేర్కొంటుంది. తెగిన చెవితమ్మెను అతికించే పద్ధతులు, చెంప చర్మంతో ముక్కును పునర్నిర్మించే విధానం అదే అధ్యాయంలో ఉన్నాయి. బాలల ముఖ శస్త్రచికిత్సలో నేటికీ చర్చలో ఉన్న మూడు అంశాలు, అంటే చికిత్స చేయవలసిన వయసు, రక్షణ, అలంకారం, ఆ ఒక్క అధ్యాయంలోనే కలిసి కనిపించడం గమనార్హం.

ముక్కు కోయడం శిక్షగా ఉన్న దేశంలో ముక్కును తిరిగి నిర్మించే విద్య నిలిచి ఉండడం సహజం. మైసూరు యుద్ధకాలంలో ముక్కు కోల్పోయిన కవాస్జీ అనే బండివానికి పూనా ప్రాంతంలో ఒక దేశీయ వైద్యుడు నుదుటి చర్మంతో ముక్కు నిర్మించిన వృత్తాంతం 1794లో లండన్‌లోని 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' పత్రికలో అచ్చయింది. అది చదివి ప్రేరణ పొందిన జోసెఫ్ కార్ప్యూ 1814లో ఇంగ్లండులో ఆ పద్ధతిని అనుసరించి, 1816లో గ్రంథంగా వెలువరించాడు. నుదుటి చర్మంతో ముక్కును నిర్మించే ఈ విధానానికి ఆధునిక వైద్యంలో నేటికీ 'భారతీయ పద్ధతి' అనే పేరు ఉంది.

3. గ్రహణం మొర్రి: మాట, నమ్మకం, చికిత్స

పుట్టుకతో పైపెదవి చీలి ఉండడాన్ని తెలుగులో 'గ్రహణం మొర్రి' అంటారు. గర్భిణి గ్రహణ సమయంలో బయట తిరిగినా, కత్తిపీట పట్టినా, కూరగాయలు తరిగినా బిడ్డకు ఈ లోపం కలుగుతుందన్న నమ్మకం ఈ పేరులో నిక్షిప్తమై ఉంది. ఒక వ్యాధికి పేరుపెట్టే క్రమంలోనే కారణాన్నీ, ఆ కారణం ద్వారా దోషినీ నిర్ణయించిన పదం ఇది. బిడ్డ పెదవిని చూసిన ప్రతివారూ తల్లిని అడిగే మొదటి ప్రశ్న గ్రహణం గురించే అవుతుంది. తల్లి అపరాధభావంతో బిడ్డను కొంగుచాటున దాచే పరిస్థితికీ, చికిత్సలో జరిగే ఆలస్యానికీ దగ్గరి సంబంధం ఉంది.

పిండదశలో ముఖం ఇరువైపుల నుంచి పెరిగే కణజాలం మధ్యలో కలవడం ద్వారా ఏర్పడుతుంది. గర్భధారణ జరిగిన 4 నుంచి 7 వారాల మధ్య పెదవి రూపొందుతుంది. ఆ కణజాలం పూర్తిగా కలవకపోతే చీలిక మిగులుతుంది. చాలామంది స్త్రీలకు గర్భం నిర్ధారణ అయ్యే నాటికే ఈ దశ మొదలై ఉంటుంది. నెలలు నిండిన గర్భిణిని గ్రహణం నాడు గదిలో కదలకుండా పడుకోబెట్టడం వల్ల పెదవికి వచ్చే రక్షణ ఏదీ లేదని ఈ కాలక్రమమే చెబుతుంది. జన్యుకారణాలు, గర్భిణికి ముందునుంచీ ఉన్న మధుమేహం, ధూమపానం, మూర్ఛకు వాడే కొన్ని మందులు ఈ లోపానికి అవకాశాన్ని పెంచుతాయి. అనేక సందర్భాలలో ఏ ఒక్క కారణాన్నీ వేలెత్తి చూపలేము. ప్రపంచవ్యాప్తంగా సుమారు 700 జననాలలో ఒకరికి పెదవి చీలిక గానీ, అంగిలి చీలిక గానీ, రెండూ గానీ ఉంటాయని అంచనా.

పెదవి చీలికకు శస్త్రచికిత్సను సాధారణంగా 3 నుంచి 6 నెలల వయసులో చేస్తారు. శిశువు మత్తుమందును తట్టుకోగలదా అని నిర్ణయించడానికి 'పదుల సూత్రం' చాలాకాలంగా వాడుకలో ఉంది. కనీసం 10 వారాల వయసు, 10 పౌండ్ల బరువు (సుమారు నాలుగున్నర కిలోలు), రక్తంలో 10 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలన్నది దీని సారాంశం. అమెరికన్ శస్త్రవైద్యుడు రాల్ఫ్ మిల్లార్డ్ 1950లలో రూపొందించిన పద్ధతి, దాని సవరణలు నేడు విస్తృతంగా అమలులో ఉన్నాయి. ఇందులో చీలికకు ఒకవైపున ఉన్న పెదవిభాగాన్ని కిందికి తిప్పి, రెండవవైపు భాగాన్ని ముందుకు జరిపి కలుపుతారు. మచ్చగీత పైపెదవి మధ్యనున్న సహజమైన గాడి అంచులో కలిసిపోయేలా కోత వేయడం ఇందులోని నేర్పు.

శస్త్రచికిత్స జరిగేవరకు బిడ్డ బరువు పెరగడమే ముఖ్యం. అంగిలి కూడా చీలిన శిశువు నోటిలో గాలి నిలవదు కనుక రొమ్మును గట్టిగా చప్పరించలేదు. తల్లి పాలను పిండి, బిడ్డ తలను ఎత్తుగా పట్టుకొని, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో ప్రత్యేకమైన సీసాతోనో కొద్దికొద్దిగా పట్టవలసి ఉంటుంది. మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఉగ్గుగిన్నె ఇక్కడ చక్కగా ఉపకరిస్తుంది.

4. అంగిలి చీలిక, వర్ణోచ్చారణ

పెదవి చీలిక కంటికి కనబడుతుంది కాబట్టి కుటుంబం కలవరపడుతుంది. అంగిలి చీలిక నోటి లోపల ఉండి కనబడదు. అయితే బిడ్డ భవిష్యత్తును ఎక్కువగా ప్రభావితం చేసేది ఈ రెండవదే. దీని ప్రాధాన్యం తెలుగు వర్ణమాల ద్వారా స్పష్టంగా బోధపడుతుంది.

క, ట, త, ప వంటి స్పర్శాలను ఉచ్చరించేటప్పుడు అంగిలి వెనుకభాగమైన మృదుతాలువు పైకి లేచి ముక్కులోనికి దారి మూస్తుంది. నోటిలో గాలి ఒత్తిడి ఏర్పడుతుంది. పెదవులో నాలుకో ఆ ఒత్తిడిని ఒక్కసారిగా విడిచినప్పుడు వర్ణం పలుకుతుంది. ఙ, ఞ, ణ, న, మ అనే అనునాసికాలకు మాత్రం మృదుతాలువు దిగి ఉండి, గాలి ముక్కు గుండా పోతుంది. అంగిలి చీలిన బిడ్డకు ముక్కు దారి మూతపడదు. అందువల్ల 'బ' పలకబోతే 'మ' వలె, 'ద' పలకబోతే 'న' వలె వినిపిస్తుంది. శ, ష, స లలో గాలి ముక్కులోంచి జారిపోతుంది.

ఇక్కడ తెలుగు కుటుంబాలు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. 'అమ్మ', 'నాన్న' అనే మాటల్లోని హల్లులన్నీ అనునాసికాలే. అంగిలి చీలిక ఉన్న బిడ్డ కూడా ఈ రెండు మాటలను దాదాపు స్పష్టంగా పలకగలదు. అమ్మ, నాన్న అన్న పిలుపు విన్న ఇంటివారు మాటకు లోటులేదని నిశ్చింత పడే అవకాశం ఉంది. 'అక్క', 'తాత', 'అత్త', 'బాబాయి' అనవలసి వచ్చినప్పుడే లోపం బయటపడుతుంది. అప్పటికి విలువైన కాలం గడిచిపోతుంది.

ఈ కారణంగానే అంగిలి శస్త్రచికిత్సను మాటలు స్థిరపడకముందే, సాధారణంగా 9 నుంచి 18 నెలల మధ్య చేస్తారు. ఆలస్యమైతే బిడ్డ నోటిలో ఆపలేని గాలిని గొంతులో ఆపి పలకడం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటు స్థిరపడిన తరువాత అంగిలిని మూసినా ఉచ్చారణ తనంతట తాను సరికాదు. దీర్ఘకాలం వాక్‌చికిత్స అవసరమవుతుంది. పైగా అంగిలి చీలిన పిల్లలకు మధ్యచెవిలో ద్రవం చేరి వినికిడి తగ్గడం తరచు జరుగుతుంది. సరిగా వినలేని బిడ్డ సరిగా పలకలేదు. కనుక చెవి పరీక్ష కూడా ఈ చికిత్సలో భాగమే.

కొందరిలో అంగిలి పైపొర కలిసి ఉండి, లోపలి కండరాలు మాత్రమే చీలి ఉంటాయి. కొండనాలుక రెండుగా చీలి ఉండడం దీనికి ఒక గుర్తు. ఇటువంటి పిల్లలను బడిలో 'ముక్కుతో మాట్లాడుతున్నారు' అని మందలించడమో వెక్కిరించడమో జరుగుతుంది. ఉచ్చారణదోషాన్ని అశ్రద్ధగా భావించే ముందు వైద్యపరీక్షకు పంపించడం ఉపాధ్యాయుని కర్తవ్యం.

చీలిక చిగురు వరకు వ్యాపించి ఉంటే 8 నుంచి 11 ఏళ్ల మధ్య, కోరపన్ను దిగకముందే, తుంటి ఎముక నుంచి కొద్దిభాగం తీసి చిగురులో అమరుస్తారు. దవడల అమరికను సరిచేసే శస్త్రచికిత్స, ముక్కుకు తుదిరూపమిచ్చే శస్త్రచికిత్స ఎదుగుదల పూర్తయిన తరువాత జరుగుతాయి. గ్రహణం మొర్రి చికిత్స ఒక్కరోజు పని కాదు. శైశవం నుంచి యౌవనారంభం వరకు సాగే ప్రయాణం. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలలో గుర్తించవలసిన లోపాలలో పెదవి, అంగిలి చీలికలను చేర్చింది. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చే సంచార వైద్యబృందాల ద్వారా ఈ పిల్లలను ఉచిత చికిత్సకు పంపే ఏర్పాటు ఉంది.

5. చెవులు, రక్తనాళపు మచ్చలు, గాయాలు

చెవులు: బయటికి పొడుచుకొచ్చిన చెవులు వినికిడికి అడ్డు కావు. నవజాత శిశువు చెవి మృదులాస్థి తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల ప్రభావంతో కొన్ని వారాలపాటు మెత్తగా ఉంటుంది. ఆ సమయంలో చిన్న అచ్చు అమర్చి, శస్త్రచికిత్స లేకుండానే ఆకారాన్ని సరిచేయవచ్చు. ఆ గడువు దాటితే 5, 6 ఏళ్ల వరకు ఆగాలి. అప్పటికి చెవి దాదాపు పెద్దవారి పరిమాణానికి చేరుకుంటుంది. పుట్టుకతో చెవిడొప్ప ఏర్పడని పిల్లలకు పక్కటెముకల మృదులాస్థితో చెవిని చెక్కి అమర్చే పద్ధతి ఉంది. అందుకు తగినంత మృదులాస్థి లభించాలంటే సాధారణంగా 6 నుంచి 10 ఏళ్ల వయసు రావాలి. వీరి వినికిడి పరీక్ష మాత్రం శైశవంలోనే జరగాలి.

రక్తనాళపు మచ్చలు: పుట్టిన కొన్ని వారాలకు ఎర్రని చుక్కగా మొదలై ఉబ్బే రక్తనాళపు గడ్డ మొదటి నెలల్లో వేగంగా పెరిగి, తరువాతి సంవత్సరాలలో క్రమంగా తగ్గుతుంది. గుండెజబ్బులకు వాడే ప్రొప్రనొలాల్ అనే మందు ఈ గడ్డలను కుదించగలదని 2008లో ఫ్రాన్స్ వైద్యులు వెల్లడించారు. అప్పటి నుంచి వీటికి కత్తి అవసరం చాలావరకు తగ్గింది. అయితే కనురెప్పపై పెరిగే గడ్డ చూపును అడ్డుకొని దృష్టిని శాశ్వతంగా దెబ్బతీయవచ్చు. అక్కడ నిరీక్షణ ప్రమాదకరం.

గాయాలు: ఆటల్లో ముక్కుకు దెబ్బ తగిలి రెండు నాసికారంధ్రాల మధ్య గోడలో రక్తం గడ్డకడితే దానిని వెంటనే తొలగించాలి. కొద్దిరోజుల ఆలస్యంతోనే అక్కడి మృదులాస్థి నశించి ముక్కు కుంగిపోతుంది. కాలిన గాయం మానేటప్పుడు చర్మం ముడుచుకొని కనురెప్ప మూతపడకపోతే, కంటిని కాపాడడానికి ఎదుగుదల కోసం ఆగకుండా శస్త్రచికిత్స చేయవలసి ఉంటుంది.

6. కౌమారం, ముక్కు, అద్దం

కౌమారంలో ఉన్నవారు కోరుకునే ముఖ సౌందర్య శస్త్రచికిత్సలలో ముక్కుకు సంబంధించినది ప్రధానమైనది. ముక్కు మధ్యగోడ ముఖం ఎదుగుదలకు ఆధారభూతమైన భాగం. శ్వాసకు తీవ్రమైన అడ్డంకి ఉన్న సందర్భాలను మినహాయిస్తే, ఎదుగుదల ముగిసేవరకు, అంటే బాలికలలో సుమారు 15, 16 ఏళ్లు, బాలురలో 17, 18 ఏళ్లు వచ్చేవరకు ఈ శస్త్రచికిత్స చేయరు. ముందుగా చేస్తే ముక్కు, పైదవడ ఎదుగుదల దెబ్బతినవచ్చు. ఇప్పుడు సరిపోయిన ముక్కు మూడేళ్ల తరువాత మారిన ముఖానికి సరిపోకపోవచ్చు.

శరీరం సిద్ధమైనంత మాత్రాన మనసు సిద్ధమైనట్లు కాదు. నేటి కౌమారం తన ముఖాన్ని అద్దంలో కన్నా సెల్‌ఫోన్‌లో ఎక్కువగా చూసుకుంటుంది. 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫోటోలో ముక్కు, 5 అడుగుల దూరం నుంచి తీసిన దానితో పోలిస్తే, సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్కగట్టింది. చేయి చాచి తీసుకునే సెల్ఫీలో కనిపించే ముక్కు నలుగురూ చూసే ముక్కు కాదు. కటకం తెచ్చిన వికారానికి కత్తితో చికిత్స చేయడం అసంగతం.

ఇతరులకు కనబడని, కనబడినా స్వల్పమైన లోపం గురించి రోజూ గంటల తరబడి బాధపడడం, పదేపదే అద్దం చూసుకోవడం, తరగతులకు రావడం మానేయడం 'బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్' అనే మానసిక వ్యాధి లక్షణాలు. ఇది ఎక్కువగా కౌమారంలోనే మొదలవుతుంది. శస్త్రచికిత్సతో ఈ బాధ సాధారణంగా తీరదు. మరో అవయవం మీదికి మళ్లుతుంది. వీరికి ముందుగా కావలసింది మానసిక వైద్యుని సహాయం.

అలాగని కౌమారపు కోరికలన్నింటినీ వ్యామోహంగా తోసిపుచ్చడం కూడా సరికాదు. ఏళ్ల తరబడి 'దొప్ప చెవులు' అన్న ఎగతాళిని భరించిన బాలునికి చెవుల శస్త్రచికిత్స సౌందర్య తరగతికి చెందినదే అయినా, దాని ప్రయోజనం నిజమైనది. కాబట్టి అవసరం, అలంకారం అనే విభజన ఒక్కటే చాలదు. ఆ అవయవం ఎదుగుదల ముగిసిందా, కోరిక బిడ్డదేనా అన్న రెండు ప్రశ్నలను దానికి జోడించాలి.

7. సమ్మతి

1875 నాటి భారత మెజారిటీ చట్టం ప్రకారం వయోజనత 18 ఏళ్లకు వస్తుంది. 12 ఏళ్లలోపు బిడ్డ మేలుకోసం సదుద్దేశంతో, సంరక్షకుల సమ్మతితో చేసే పనికి భారతీయ న్యాయసంహిత 27వ సెక్షన్ రక్షణ కల్పిస్తుంది. 12 నుంచి 18 ఏళ్ల మధ్యవారి విషయంలోనూ తల్లిదండ్రుల లిఖితసమ్మతిని తీసుకోవడం ఆస్పత్రుల ఆచారం. ఇంగ్లండులో 18 ఏళ్లలోపువారికి అందం కోసం బొటాక్స్, ఫిల్లర్ సూదిమందులు ఇవ్వడాన్ని 2021లో చట్టం ద్వారా నిషేధించారు.

చట్టం అడిగేది పెద్దల సంతకం. వైద్యనీతి అడిగేది బిడ్డ అంగీకారం. పెళ్లిచూపుల భయంతోనో, ఇరుగుపొరుగు మాటలతోనో తల్లిదండ్రులు కోరి, అమ్మాయి మౌనంగా తలవంచిన సందర్భాన్ని సమ్మతిగా పరిగణించలేము. విద్యార్థి ఎవరైనా ఈ విషయమై అధ్యాపకుని సంప్రదించినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగడం మేలు చేస్తుంది. ఈ కోరిక ఎప్పటినుంచి ఉంది? ఎవరి మాట తరువాత మొదలైంది? మారాలనుకుంటున్నది ఒకే లక్షణమా, రోజుకొకటా? ముఖం మారితే జీవితంలో ఇంకేం మారుతుందని ఆశిస్తున్నారు? స్నేహితులు, ప్రేమ, మార్కులు అన్నీ మారతాయన్న సమాధానం వస్తే, ఆ విద్యార్థి అసలు బాధ ముక్కులో లేదని గ్రహించాలి.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. పెదవి, అంగిలి చీలికలు, కంటిని కమ్మే గడ్డలు, ముక్కు లోపలి గాయాలు వంటి వాటిలో సకాల చికిత్స ప్రధానం. అక్కడ 'పెద్దయ్యాక చూద్దాం' అనడం బిడ్డ మాటనో చూపునో పణంగా పెట్టడమే.

2. ముక్కు సౌందర్య శస్త్రచికిత్సలో నిరీక్షణే చికిత్సలో మొదటి మెట్టు. ఎదుగుదల, మానసిక పరిణతి రెండూ పూర్తికావాలి.

3. 'గ్రహణం మొర్రి' అన్న మాట తల్లిని దోషిగా నిలుపుతున్నది. నిత్యవ్యవహారంలో స్థిరపడిన పదాన్ని ఒక్కసారిగా తొలగించడం సాధ్యం కాకపోవచ్చు. పాఠ్యపుస్తకాలలో, పత్రికలలో, ఆరోగ్య ప్రచారంలో 'పెదవి చీలిక', 'అంగిలి చీలిక' అనే పదాలను ప్రయోగిస్తే ఆ లోపం ఏమిటో తెలుస్తుంది, నింద తొలగుతుంది.

4. అంగిలి చీలిక పిల్లల ఉచ్చారణను తెలుగు ధ్వనుల ఆధారంగా వివరించే పరిశోధనలకు, వాక్‌చికిత్సకు తగిన తెలుగు పదపట్టికల రూపకల్పనకు భాషాశాస్త్ర విద్యార్థుల సహకారం ఎంతో అవసరం. అక్క, తాత, బాబాయి వంటి బంధువాచకాలు అటువంటి పట్టికకు తొలి మాటలు కాగలవు. ఇంట్లో రోజూ పిలిచే ఆ మాటలను స్పష్టంగా పలకగలిగినప్పుడే ఆ బిడ్డకు చికిత్స పూర్తిగా అందినట్లు భావించాలి.